మా పాప ఇంటి వంటకు అలవాటు పడిన క్రమం

పసిబిడ్డకు పాలు కాక మరొకటి పెట్టబోయే తల్లిదండ్రులు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ఏ పదార్థంతో మొదలుపెట్టాలి అన్నది. నేనూ అదే అడిగాను. మా పాపకు ఆరు నెలలు నిండిన నాటి నుంచి, ఏడాది దాటి మాతోపాటు కూర్చుని మేము తినేదే తినగలిగే వరకు రోజూ దగ్గరుండి చూసిన తరువాత, అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉందని గట్టిగా అనిపిస్తోంది. పెట్టే పదార్థం ఎంత మెత్తగా ఉండాలి, ఆ మెత్తదనాన్ని ఎప్పటి నుంచి తగ్గించుకుంటూ రావాలి? ఇంటి వంట తినగలగడమంటే కొత్త రుచులను ఒప్పుకోవడం మాత్రమే కాదు. నోట్లోకి వచ్చినదాన్ని నాలుకతో పక్కకు జరపడం, చిగుళ్లతో నలపడం, నలిగినదాన్ని ముద్దగా కూర్చి వెనక్కు పంపి మింగడం, ఇవన్నీ ఒకదాని తరువాత ఒకటిగా నేర్చుకోవలసిన పనులు. పాలు తాగడానికి వీటి అవసరం ఉండదు. అందుకే ఎక్కువగా ఈ నేర్చుకోవడం గురించే రాస్తున్నాను.

ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, ఆ తరువాత అనుబంధ ఆహారం మొదలుపెట్టి, రెండేళ్ల వరకు లేదా ఆ పైన కూడా తల్లిపాలు కొనసాగించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆరు నెలల గడువును ఎంచుకోవడానికి బలమైన కారణం ఇనుము. గర్భంలో ఉండగా బిడ్డ ఒంట్లో చేరిన ఇనుము నిల్వలు సుమారుగా ఆ సమయానికి తరిగిపోతాయి; తల్లిపాలలోని ఇనుము చక్కగా ఒంటబట్టేదే అయినా పరిమాణంలో చాలా తక్కువ. రెండో కారణం శక్తి. తల్లిపాలు మామూలుగా తాగుతున్న బిడ్డకు ఆహారం ద్వారా అదనంగా అందవలసిన శక్తి 6 నుంచి 8 నెలల మధ్య రోజుకు దాదాపు 200 కిలోకాలరీలు, 9 నుంచి 11 నెలల మధ్య 300, రెండో ఏట 550 అని లెక్క. ఈ అంకెలు తెలిసిన తరువాత నా మనసు కుదుటపడింది. మొదటి రెండు మూడు నెలల్లో బిడ్డ పోషణ భారాన్ని చాలావరకు పాలే మోస్తాయి కనుక, ఆ కాలంలో గిన్నె ఖాళీ అయిందా లేదా అన్నదానికంటే బిడ్డ ఏం నేర్చుకుంది అన్నది చూసుకోవచ్చు.

వయసుతోపాటు పాప ఒంట్లో కనిపించే సూచనలను కూడా చూశాము. మెడ నిలకడగా నిలబడిందా, కొద్దిపాటి ఆసరాతో కూర్చోగలుగుతోందా, మేము తింటుంటే చేయి చాస్తోందా, నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటకు నెట్టేసే సహజ చర్య తగ్గిందా అని గమనించాము. ఈ చివరిది సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య తగ్గుతుంది. పళ్ల కోసం మాత్రం ఎదురుచూడలేదు. ముందు పళ్లు కొరకడానికే తప్ప నమలడానికి ఉపయోగపడవు, నమిలే దంతాలు ఏడాది దాటిన తరువాత గాని రావు. ఈలోగా బిడ్డ చిగుళ్లతోనే నలుపుకుంటుంది, అవి మనం అనుకునే దానికంటే గట్టివి.

మొదటి కొద్ది రోజులు ఉడికించి మెదిపిన దుంపలు, పండిన అరటిపండు, మెత్తగా ఉడికిన అన్నం, పప్పు వంటివే పెట్టాము. రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి ఆకలిని బట్టి పెంచుతూ పోయాము. ఇక్కడ నేను శ్రద్ధ పెట్టిన విషయం చిక్కదనం. పసిబిడ్డ కడుపులో ఒకసారికి పట్టేది శరీర బరువులో కిలోకు దాదాపు 30 మిల్లీలీటర్లు మాత్రమే; అంటే ఏడెనిమిది కిలోల బిడ్డకు ఇంచుమించు ఒక కప్పు. సులువుగా దిగుతుందని నీళ్లు ఎక్కువ పోసి పలచగా చేస్తే ఆ చిన్న కడుపు నీళ్లతో నిండిపోతుంది, అందవలసిన శక్తి అందదు. చెంచా వంచినప్పుడు జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలని పిల్లల డాక్టరు చెప్పారు. ఆ ఒక్క గుర్తు ఎన్నో కొలతల కంటే ఎక్కువగా ఉపయోగపడింది.

తరువాతి మెట్టు దగ్గరే చాలా ఇళ్లలో ఆలస్యం జరుగుతుంది. మిక్సీలో వేసి పలుకు లేకుండా రుబ్బిన ఆహారం బిడ్డ చకచకా మింగేస్తుంది. పెట్టేవారికి సమయం కలిసివస్తుంది, తిన్నదన్న తృప్తి ఉంటుంది. కానీ మింగడం తప్ప ఆ ఆహారం బిడ్డకు మరేమీ నేర్పదు. బ్రిటన్‌లో వేలాది మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన ఒక దీర్ఘకాలిక అధ్యయనంలో, పలుకులున్న ఆహారాన్ని పది నెలలు దాటిన తరువాత గాని రుచి చూడని పిల్లలకు పదిహేనో నెలలో తిండి దగ్గర ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. అదే పిల్లలను ఏడేళ్ల వయసులో చూసినప్పుడు, తొమ్మిది నెలల తరువాత మొదలుపెట్టినవారు కూరగాయలు, పండ్లు తక్కువ తింటున్నట్లు, తిండి సమస్యలు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఇటువంటి అధ్యయనం ఒకదానికి మరొకటే కారణమని రుజువు చేయదు. అప్పటికే తినడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకే పెద్దలు ఆలస్యంగా పెట్టి ఉండవచ్చు కూడా. అయినా మంచి కాలాన్ని ఊరికే జారవిడవకూడదన్న నిర్ణయానికి రావడానికి నాకు అది చాలింది.

అందుకని కొద్ది వారాలకే మిక్సీ పక్కన పెట్టి ఫోర్కుతో మెదపడం మొదలుపెట్టాను. మొదట మెత్తని గుజ్జు, ఆ తరువాత అక్కడక్కడ పలుకు తగిలే ముద్ద, ఆ పైన చిదిమిన ముక్కలు, చివరకు మెత్తగా ఉడికిన ముక్కలే విడిగా. ఒక్కో మెట్టు ఎక్కేటప్పుడు పదార్థాన్ని మార్చేదాన్ని కాదు. బంగాళదుంప పాపకు బాగా పరిచయమైన రుచి కాబట్టి కొత్త పలుకు మొదట దానితోనే వచ్చేది. కొత్త రుచి వచ్చినప్పుడు మెత్తదనం పాతదే ఉండేది. రెండు కొత్తదనాలు ఒకేసారి పెట్టకపోవడం వల్ల, పాప ఏదైనా వద్దన్నప్పుడు రుచి నచ్చలేదా, పలుకు ఇబ్బంది పెట్టిందా అన్నది తెలిసేది. పలచని గుజ్జులో తేలే గట్టి పలుకులు మాత్రం చాలామంది పిల్లలకు కష్టమే. నోట్లో ఒకేసారి రెండు రకాలు చేరితే దేన్ని మింగాలో, దేన్ని నలపాలో వారికి తోచదు. మొత్తం ఒకే తీరుగా ఉన్న ముక్కను నలపడం దానికంటే తేలిక అని నేను గమనించాను.

ఈ మెట్ల మీద పెద్దలను వెనక్కు లాగేది భయం. పలుకు తగిలినప్పుడు బిడ్డ ఓకరిస్తుంది. నాలుక బయటపెట్టి, కళ్లలో నీళ్లు తిరిగి, ముఖం ఎర్రబడి, దగ్గుతూ ఆ ముక్కను ముందుకు తోసేస్తుంది. చూసేవారికి గుండె ఆగినంత పని అవుతుంది. అయితే ఓకరించడమూ, గొంతులో అడ్డుపడటమూ ఒకటి కావు. ఈ తేడా మొదటి ముక్క పెట్టకముందే ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలని నేను పట్టుబట్టాను. ఓకరింత బిడ్డను కాపాడే చర్య. పెద్దవారికి నాలుక చివరి భాగంలో ఏదైనా తగిలితేనే అది వస్తుంది. పసిబిడ్డకు నాలుక ముందు భాగం వైపే తగిలినా వస్తుంది, అనుభవం పెరిగేకొద్దీ ఆ చోటు వెనక్కు జరుగుతుంది. అంటే ముక్క శ్వాసనాళానికి ఎంతో దూరంలో ఉండగానే ఒళ్లు దాన్ని బయటకు పంపేస్తోందన్నమాట. ఓకరించే బిడ్డ చప్పుడు చేస్తుంది, దగ్గుతుంది, కొన్నిసార్లు ఏడుస్తుంది. గొంతులో నిజంగా అడ్డుపడిన బిడ్డకు ఆ చప్పుడే ఉండదు. దగ్గలేకపోతుంది, ఏడవలేకపోతుంది, పెదవులు నీలంగా మారతాయి. చప్పుడు ఉంటే పక్కనే కూర్చుని ఆగాలి, చప్పుడు లేకపోతే క్షణం ఆగకూడదు. మావారూ నేనూ దీన్ని ఒకరికొకరం చాలాసార్లు చెప్పుకున్నాము.

అలా అడ్డుపడినప్పుడు చేయవలసినది కూడా ముందే నేర్చుకున్నాము. ఏడాదిలోపు బిడ్డను మన ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల ఛాతీ కంటే కిందికి ఉండేలా దవడను పట్టుకుని, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగంతో, అయిదుసార్లు గట్టిగా తట్టాలి. అప్పటికీ ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య ఎముక మీద అయిదుసార్లు నొక్కాలి. వైద్య సహాయం కోసం మరొకరిచేత ఫోన్ చేయిస్తూ, ముక్క బయటపడే వరకు ఈ రెండింటినీ మార్చి మార్చి చేస్తుండాలి. బిడ్డ స్పృహ తప్పితే వెంటనే గుండె, శ్వాస పునరుద్ధరణ (సీపీఆర్) మొదలుపెట్టాలి. కంటికి కనిపించని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి వెదకకూడదు, అది మరింత లోపలికి పోతుంది. చదివి తెలుసుకోవడం వేరు, బొమ్మ మీద చేతులతో చేసి చూడటం వేరు. ప్రథమ చికిత్స శిక్షణలో ఒక పూట కూర్చున్న తరువాత నాకు కలిగిన ధైర్యం ఏ పుస్తకమూ ఇవ్వలేదు. ఆ ధైర్యం వల్లనే పాప ఓకరించినప్పుడు నేను ముఖంలో కంగారు కనబడకుండా ఉండగలిగాను. నేను ఉలిక్కిపడి లేస్తే పాప భయపడి ఆ పదార్థాన్నే దూరం పెట్టేది. నేను ప్రశాంతంగా చూస్తుంటే ముక్కను బయటకు తోసి, దానివైపు ఒకసారి చూసి, మళ్లీ నోట్లో పెట్టుకునేది.

ఇక ముక్కల ఆకారం గురించి. ఆరేడు నెలల బిడ్డ వస్తువును అరచేయంతా మూసి పట్టుకుంటుంది; పిడికిలిలో ఉన్నది దానికి అందదు, పిడికిలి బయటకు పొడుచుకువచ్చినదే నోటికి చేరుతుంది. అందుకే మొదట ముక్కలు పెద్దవారి వేలంత పొడవుగా ఉండాలి. తొమ్మిదో నెల ప్రాంతంలో బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువును ఏరుకోవడం వస్తుంది, అప్పుడు బఠాణీ గింజంత మెత్తని ముక్కలు పళ్లెంలో వేయవచ్చు. మా పాప ఆ రెండు వేళ్లతో మొదటిసారి ఒక్కొక్క మెతుకును ఏరి నోట్లో పెట్టుకుంటుంటే, అంత ఏకాగ్రత ఎక్కడి నుంచి వచ్చిందా అని చూస్తూ ఉండిపోయాను. ఏ ముక్కనైనా పెట్టేముందు నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూసేదాన్ని. తేలికగా నలిగితే బిడ్డ చిగుళ్ల మధ్య కూడా నలుగుతుంది, నలగకపోతే మళ్లీ పొయ్యి మీదికి వెళ్లేది. పచ్చి క్యారెట్, గట్టి యాపిల్ ముక్క, పేలాలు, గింజలు, గట్టి మిఠాయిలు పూర్తిగా దూరం పెట్టాము. ద్రాక్షపండు వంటి గుండ్రటివి మెత్తగా ఉన్నట్లే కనిపించినా గొంతుకు సరిగ్గా బిరడాలా బిగుసుకుంటాయి. వాటిని నిలువుగా నాలుగు చీలికలు చేయకుండా పెట్టకూడదు.

ఇంటి వంటే బిడ్డకు పెట్టాలనుకున్నప్పుడు మారవలసింది వంట చేసే వరస. ఉప్పు, కారం చివరలో వేయడం అలవాటు చేసుకున్నాను. కూరగాయలు, పప్పు ఉడికిన తరువాత, ఇంకా ఏమీ వేయకముందే పాప వాటా తీసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని మా రుచికి పూర్తి చేసేదాన్ని. దీనివల్ల వేరే పొయ్యి, వేరే గిన్నె అవసరం లేకుండానే పాప మేము తినే కూరే తిన్నది. బ్రిటన్ ఆరోగ్య సేవా సంస్థ ఏడాదిలోపు పిల్లలకు రోజుకు ఒక గ్రాము కంటే తక్కువ ఉప్పు చాలునని, ఆహారంలో విడిగా వేయవద్దని చెబుతుంది. వారి మూత్రపిండాలు అంతకు మించి భరించే స్థితిలో ఉండవు. రుచి లేకుండా ఎలా తింటుందని మా అమ్మ బాధపడేది. ఉప్పు రుచి మరిగిన నాలుక మనది. పాపకు ఉడికిన గుమ్మడి తీపి, పెరుగు పులుపు సరిపోయాయి. ఘాటు లేని సుగంధ ద్రవ్యాలకు అభ్యంతరం ఏమీ లేదు కనుక, కొద్ది రోజుల తరువాత వాటిని మేము పాప వాటాలోనూ కలిపాము. చక్కెర వేయలేదు. తేనె ఏడాది నిండేవరకు ఇంట్లో ఎవరూ పాప నాలుకకు రాయకూడదని ముందే అందరికీ చెప్పాము. తేనెలో ఉండగల క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషాన్ని విడుదల చేయగలవు. ఆ విషం కండరాలను చచ్చుబరుస్తుంది. ఒక్క చుక్కే కదా అనడానికి వీలులేని విషయం ఇది. ఆవుపాలను తాగే పాలుగా ఏడాది తరువాతనే ఇచ్చాము, వంటలో కొద్దిగా వాడటం, పెరుగు పెట్టడం మాత్రం ముందు నుంచే ఉంది.

గుడ్డు, వేరుశనగ, గోధుమ, చేప, సోయా, నువ్వులు వంటి అలర్జీ కలిగించగల పదార్థాలను ఒకప్పుడు వీలైనంత ఆలస్యంగా పెట్టమనేవారు. ఆ ఆలోచన మారడానికి ముఖ్య కారణం లండన్‌లో జరిగి, 2015లో ఫలితాలు వెలువడిన ఒక పరిశోధన. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) గాని, గుడ్డు అలర్జీ గాని, రెండూ గాని ఉన్న 640 మంది పసిపిల్లలను నాలుగు నుంచి పదకొండు నెలల వయసులో తీసుకుని, కొందరికి వేరుశనగ క్రమం తప్పకుండా పెట్టారు, కొందరికి అయిదేళ్ల వరకు అసలు పెట్టలేదు. మొదటి చర్మ పరీక్షలో వేరుశనగకు స్పందన కనిపించని పిల్లల్లో, దానికి దూరంగా ఉన్నవారిలో 13.7 శాతానికి అయిదేళ్లకు అలర్జీ వచ్చింది, తిన్నవారిలో 1.9 శాతానికే వచ్చింది. అయితే ఎగ్జిమా తీవ్రంగా ఉన్న పిల్లల విషయంలో డాక్టరును అడగకుండా వేరుశనగ మొదలుపెట్టకూడదు. మా పాపకు అటువంటిదేమీ లేదు. బాగా ఉడికిన గుడ్డును, ఆ తరువాత కొద్ది రోజులు ఆగి, గోరువెచ్చని నీళ్లతో పలచగా కలిపిన వేరుశనగ ముద్దను చెంచా కొనతో పెట్టాము. కొత్తది పెట్టిన ప్రతిసారీ అది పగటిపూట, ఒంట్లో బాగున్న రోజునే పెట్టి, ఆ తరువాత రెండు గంటలు గమనించేవాళ్లం. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఊపిరి ఇబ్బంది వంటివి సాధారణంగా ఆ సమయంలోనే బయటపడతాయి. ఒకసారి సరిపడిందని తెలిశాక మానేయకుండా వారంలో కొన్నిసార్లు పెడుతూ ఉండటం కూడా ముఖ్యమని డాక్టరు ప్రత్యేకంగా చెప్పారు.

ఇనుము సంగతి నా మనసులో ఎప్పుడూ ఉండేది. ఏడు నుంచి పన్నెండు నెలల బిడ్డకు రోజుకు 11 మిల్లీగ్రాములు కావాలని అమెరికాలో వాడే ప్రమాణం. ఆ ఒంటి పరిమాణానికి అది చాలా పెద్ద మొత్తం. మాంసం, చేపలలోని ఇనుము తేలికగా ఒంటబడుతుంది; పప్పులు, ఆకుకూరలలోనిది అంత తేలికగా పట్టదు, విటమిన్ సి తోడైతే మెరుగవుతుంది. అందుకే పప్పు పెట్టిన పూట టమాటానో, నిమ్మరసం చుక్కలో, బత్తాయి తొనల గుజ్జో జత చేసేదాన్ని. టీ చుక్క కూడా తగలనివ్వలేదు, అది ఇనుమును పట్టనివ్వదు.

ఎంత తినాలి అన్న విషయంలో ఇంట్లో ఎక్కువ మాటలు నడిచాయి. మా అమ్మ చేతిలో గిన్నె ఉన్నంతసేపూ ఆమె దృష్టి అడుగున మిగిలిన ముద్ద మీదే ఉండేది. “ఇంకో రెండు ముద్దలేనే, పెట్టెయ్యి, మళ్లీ ఎప్పుడు తింటుందో ఏమో” అనేది. “చాలమ్మా, తల తిప్పేసింది చూడు” అని నేను గిన్నె తీసేసేదాన్ని. అది ప్రేమలోంచి వచ్చిన మాట అని నాకు తెలుసు, అయినా ఈ విషయంలో నేను మెత్తబడలేదు. ఏది, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల బాధ్యత. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డ నిర్ణయం అని అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎల్లిన్ సాటర్ చేసిన పని విభజన నాకు అన్నిటికంటే న్యాయంగా తోచింది. పాప ముందుకు వంగి నోరు తెరిస్తే ఆకలి ఉన్నట్లు. పెదవులు బిగించినా, ముఖం తిప్పినా, చెంచాను చేత్తో తోసినా చాలన్నట్లు. మాటలు రాని బిడ్డ చాలని చెప్పే తీరు అదే. దాన్ని కాదని కుక్కితే, తన కడుపు చెప్పేది వినకూడదని మనమే నేర్పినట్లవుతుంది.

దీనికి బలమిచ్చే పాత పరిశోధన ఒకటి ఉంది. అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల వైద్యురాలు పాలు మాన్పించిన పదిహేను మంది పసివాళ్ల ముందు రకరకాల సహజ పదార్థాలు ఉంచి, ఎవరూ బలవంతపెట్టకుండా, ఎవరూ చూపించకుండా వారినే ఎంచుకోనిచ్చారు. ఫలితాలను 1939లో వివరించారు. ఒక పూట ఒకటే తిని, మరో పూట దాన్ని ముట్టుకోకపోయినా, కాలం మీద ఆ పిల్లలందరూ చక్కగా ఎదిగారు. అయితే వారి ముందు ఉంచిన జాబితాలో ఉన్నవన్నీ మంచి ఆహారాలే, చక్కెరతో చేసినవి గాని, ఉప్పు దట్టించినవి గాని అందులో లేవు. ఎంపిక బిడ్డకు వదలవచ్చు, పళ్లెంలోకి వచ్చేది మాత్రం పెద్దల పూచీ.

ఒకసారి వద్దన్న పదార్థాన్ని బిడ్డకు నచ్చనిదిగా రాసిపెట్టుకోకూడదు. కొత్త రుచిని ఒప్పుకోవడానికి ఎనిమిది, పదిసార్లు, కొందరు పిల్లలకు అంతకంటే ఎక్కువ సార్లు ఎదురుపడవలసి వస్తుంది. మా పాపకు చేదు తగిలే ఆకుకూరల విషయంలో అలాగే జరిగింది. పళ్లెంలో ఒక మూల కొద్దిగా వేసి, దాని గురించి ఏమీ అనకుండా, నేనూ అదే తింటూ కూర్చునేదాన్ని. ముట్టుకోవడం, నలపడం, వాసన చూడటం, నోట్లో పెట్టుకుని ఉమ్మేయడం, ఇవన్నీ జరిగి జరిగి ఒకరోజు మింగింది. పాప మాతోపాటు తినడం వల్ల కలిగిన అతిపెద్ద మేలు ఇదే అని నా నమ్మకం. ముందు పాపకు పెట్టేసి, తరువాత మనం తినే ఇళ్లలో బిడ్డకు తినేవారు కనిపించరు. మా నోళ్లు కదిలే తీరు చూసి మా పాప దవడ కదిపింది. ఫోను చూపించి, బొమ్మలు ఆడించి పెట్టే పద్ధతికి మేము వెళ్లలేదు. కళ్లు మరోచోట ఉన్న బిడ్డ నోట్లో ఏముందో గమనించదు, కడుపు నిండిందనీ గమనించదు.

చేతులకు, జుట్టుకు, నేలకు అంటినదాన్ని తుడవడం ఈ నెలల్లో రోజూ ఉండే పని. భోజనం అయ్యేవరకు పాప ముఖం తుడవకుండా ఆగితే ఇద్దరికీ సుఖంగా ఉండేది. శుభ్రత విషయంలో మాత్రం రాజీ పడలేదు. విరేచనాలు ఎక్కువగా సోకే వయసు కూడా ఇదే కాబట్టి, నా చేతులు, పాప చేతులు సబ్బుతో కడిగేదాన్ని, వండినది గది వేడిలో రెండు గంటలు దాటితే పెట్టేదాన్ని కాదు, పాప చెంచా తగిలిన ఎంగిలిని మరో పూటకు దాచేదాన్ని కాదు. భోజనంతో పాటు మూత లేని చిన్న గ్లాసులో కొద్దిగా నీళ్లు ఇచ్చేవాళ్లం. మలం గట్టిపడటం, అందులో కూరగాయ ముక్కలు అలాగే కనిపించడం మామూలే.

జ్వరం వచ్చిన వారంలో పాప ఘనాహారం దాదాపుగా మానేసి పాల మీదే ఉంది, పలుకు తగిలితే ఏడ్చింది. నేర్చుకున్నదంతా పోయిందేమోనని మావారు దిగులుపడ్డారు. డాక్టరు చెప్పినట్లు పాలు తరచుగా ఇచ్చి, మెత్తనివి కొద్దికొద్దిగా పెట్టి, తగ్గిన తరువాత ఒక పూట అదనంగా పెట్టాము. మునుపటి మెట్టుకు తానే వచ్చేసింది. జబ్బు పేరుతో మళ్లీ రుబ్బిన గుజ్జుకు వెళ్లి అక్కడే ఆగిపోకపోవడం మంచిదైంది.

తొమ్మిది నెలలకు మూడు పూటలు, మధ్యలో ఒకటి రెండుసార్లు పండో, ఉడికిన ముక్కలో అన్న వరస కుదిరింది. ఏడాదికి పాప పళ్లెం మా పళ్లెం పక్కనే ఉంది. అందులో అన్నం మెతుకులుగానే, పప్పు మెదపకుండానే, కూర ముక్కలుగానే ఉంటున్నాయి. చెంచా తనే పట్టుకుంటుంది, సగం దారిలో పడిపోయినది చేత్తో తింటుంది. దవడను గుండ్రంగా తిప్పి నమలడం ఇంకా పూర్తిగా రాలేదు, అది రెండో ఏట అంతా నెమ్మదిగా కుదురుకుంటుందట. కనుక మాంసం పీచులుగా తీసి చిన్నగా తరిగి పెడుతున్నాను, పచ్చి క్యారెట్‌ను తురిమి పెడుతున్నాను, ద్రాక్షను ఇప్పటికీ నిలువుగానే కోస్తున్నాను. గింజలను పొడిగానో, ముద్దగానో తప్ప అయిదేళ్లు నిండేవరకు పలుకులుగా ఇవ్వబోము.